నల్లదుస్తుల మేళము, వారి వాద్యములు



నేటి ప్రసంగమునకై నేనెన్నుకొన్న విషయము మీలో పలువురకు వింతగా తోపవచ్చును. ఇంగ్లండు దేశమున 1978, 1979 సంవత్సరముల ప్రాంతమున పుట్టి, నేడు మన పట్టణములందలి యువకుల గదులలో సైతము వినవచ్చుచున్న గోథిక్ రాక్ అను నొక సంగీతము కలదు. ఆ మేళములవారు వాడెడి గిటారులు, బేస్ గిటారులు, తక్కిన పనిముట్లు ఎట్టివో, అవి యేమి పని చేయునో చెప్పుట నా యుద్దేశము. ఆ మేళములవారు నల్లని దుస్తులు ధరింతురు. పురుషులు గూడ కన్నులకు దట్టముగా కాటుక పెట్టుదురు. మృత్యువు, ఒంటరితనము, విరహము, పాడుపడిన కోటలు మున్నగు వానిని గూర్చి పాడుదురు.

ఇంతమాత్రము వినగానే "ఇది మనకేల?" యని మీరనవచ్చును. నేనును మొదట నట్లే యంటిని. అనుటయే గాదు, ఆ మాటకు మూల్యమును గూడ చెల్లించితిని.

నా పెద్దకుమార్తె కొడుకు పట్టణమున చదువుచు, సాయంకాలములందు పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో నాలుగు తంత్రుల బేస్ గిటారు నొకదానిని కొని, సంక్రాంతి పండుగకు మా యింటికి తెచ్చెను. పండుగనాడు నల్లచొక్కా తొడిగి, వసారాలో కూర్చుండి, మూడు గంటలసేపు అవే నాలుగు స్వరములను తిరుగవేయుచుండెను. నాకు వీణలో కొంత పరిచయము కలదు, ఆ గర్వమున, "ఇది సంగీతము గాదు, శవయాత్ర. దీనిని నా గడప దాటింపుము" అంటిని. వాడు మాఱుపలుకలేదు. వాద్యమును సంచిలో పెట్టుకొని మఱునాడే వెడలిపోయెను. తరువాతి సంక్రాంతికి రాలేదు. దాని పై సంక్రాంతికిని రాలేదు.

చివరకు నేనే వాని గదికి పోయితిని. చాపమీద కూర్చుండి, "నాయనా, ఈ పెట్టె యేమి చేయును? ఈ మీట యెందులకు?" అని యడిగితిని. వాడు మొదట ముక్తసరిగా బదులిచ్చి, పిమ్మట ఒక దినమంతయు చెప్పెను. వానివలన విన్నదియు, అటుపిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు నేడు మీకు మనవి చేయుచున్నాను.

మొదట పేరు మాట. గోథులు ప్రాచీన ఐరోపాలో నొక జాతివారు. మధ్యయుగమున ఆ ఖండమందు కట్టబడిన మిక్కిలి ఎత్తైన రాతి చర్చీల శిల్పమునకు, తరువాతివారు గోథిక్ అని పేరిడిరి. 18వ శతాబ్దమున పాడుకోటలు, దయ్యములు గల కథలకును ఆ పేరే వచ్చినది. ఎత్తైన రాతికప్పు క్రింద ఒక మాట పలికినచో అది గోడనుండి గోడకు తగులుచు చాలసేపటివరకు నశింపదు. ఆ విశాలమైన శూన్యమును, ఆ చలిని, ఆ ప్రతిధ్వనిని గిటారులచేతను చిన్న యంత్రములచేతను కల్పించుటయే యీ మేళముల ముఖ్యప్రయత్నము. ఈ యొక్క మాట మనస్సున నుంచుకొన్నచో వారి పనిముట్లన్నియు అర్థమగును.

ఇక విద్యుత్ గిటారు. వీణకు కుండ కలదు, తంబురకు బుఱ్ఱ కలదు. తీగ కంపించినపుడు ఆ బోలుభాగము నాదమును పెద్దదిగా చేయును. విద్యుత్ గిటారుకు సాధారణముగా అట్టి బోలు లేదు. అది గట్టి కొయ్యపలక. తీగల క్రింద నొక అయస్కాంతముండును. దానిచుట్టు వెండ్రుకవలె సన్ననైన రాగితీగ వేలకొలది చుట్లు చుట్టబడియుండును. దీనికి పికప్ అని పేరు. పైనున్న ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంతక్షేత్రము చలించును. చలింపగా రాగిచుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. ఈ ధర్మమును 1831 లో మైకేల్ ఫారడే కనిపెట్టెను. మన యేటి జలాశయములవద్ద విద్యుత్తును పుట్టించు పెద్దయంత్రములును ఈ ధర్మముననుసరించియే తిరుగుచున్నవి. ఆ స్వల్పప్రవాహమును ఆంప్లిఫయరు అను పెట్టె పెంచి, లౌడ్ స్పీకరునకు పంపును. కావున విద్యుత్ గిటారు ఒంటరిగా నున్నచో దాదాపు మూగది. పికప్, పెట్టె, స్పీకరు, మధ్యనున్న మీటలు, ఇవన్నియు గలసియే యొక వాద్యము.

గిటారుకు ఆఱు తంత్రులు. అందు మిక్కిలి మంద్రమైనది సెకనుకు సుమారు 82 మార్లు కంపించును. బేస్ గిటారుకు సాధారణముగా నాలుగు తంత్రులు. అవి లావైనవి, పొడవైనవి. దాని మిక్కిలి మంద్రమైన తంత్రి సెకనుకు సుమారు 41 మార్లు కంపించును. అనగా గిటారుకంటె సరిగా నొక స్థాయి క్రింద పలుకును. అమెరికాలో లియో ఫెండర్ అను నతడు 1951 లో ప్రెసిషన్ బేస్ అను వాద్యమును అమ్మకమునకు తెచ్చెను. అంతకుముందు మంద్రస్వరములకు మనిషియెత్తున నుండు పెద్ద ఫిడేలు వంటి వాద్యమును నిలువబెట్టి వాయించెడివారు. దానికి మెట్లు లేవు. వ్రేలు సరిగా పడకున్న స్వరము చెడును. ఫెండర్ వాద్యమునకు మన వీణకువలె మెట్లు కలవు. ఆ కచ్చితత్వమును బట్టియే దానికి ప్రెసిషన్ అని పేరు వచ్చినది.

మామూలు మేళములందు బేస్ వాద్యము పునాదిరాయి వంటిది. క్రింద నుండి బరువు మోయునే కాని ఎవరి కంటను పడదు. గోథిక్ మేళములందు ఇది తలక్రిందయినది. పాటలోని రాగము బేస్ గిటారుమీద నడచును. గిటారు దాని వెనుక పొగవలె, మంచువలె అలముకొనియుండును. మన పెండ్లిమేళములో శ్రుతి పట్టువాడు కీర్తన వాయింపగా, కీర్తన వాయింపవలసిన సన్నాయివాడు శ్రుతి పట్టినట్లు! ఇది యేల జరిగెనో విచారించినప్పుడే నాకీ సంగీతముపై గౌరవము మొలకెత్తినది. దానికి కారణము శాస్త్రము గాదు, లేమి.

మాంచెస్టరు ప్రాంతమున జాయ్ డివిజన్ అను మేళముండెడిది. అది గోథిక్ మేళములకు ముందు నడచి త్రోవచూపినది. అందు బేస్ వాయించిన పీటర్ హుక్ తల్లివద్ద 35 పౌనులు అప్పు తెచ్చుకొని 1976 లో తన మొదటి బేస్ గిటారును కొనెను. అతని స్పీకరు చౌకరకము; మంద్రస్వరములు దానిలో స్పష్టముగా పలుకవు. ప్రక్కన బెర్నార్డ్ సమ్నర్ గిటారు బిగ్గఱగా మ్రోగుచుండును. తాను వాయించునది తనకే వినబడక, హుక్ వాద్యము మెడపై పైమెట్లకు ప్రాకి హెచ్చుస్వరములను వాయింపసాగెను. పాటగాడైన ఇయాన్ కర్టిస్ ఆ ధ్వనిని మెచ్చి, అట్లే వాయింపుమని ప్రోత్సహించెను. ఈ వృత్తాంతమును హుక్ స్వయముగా చెప్పియున్నాడు. 1979 లో వెలువడిన వారి మొదటి పెద్ద రికార్డునందు బేస్ గిటారు పాటకు జోడుగొంతువలె వినబడును. కర్టిస్ 1980 మే 18వ తేదీన, 23 ఏండ్ల ప్రాయముననే, ఆత్మహత్య చేసికొనెను. మేళము ఆ పేరుతో ఆగిపోయినది. కాని ఆ పైమెట్ల బేస్ పద్ధతి నిలిచినది. మంచి స్పీకరు కొనుటకు హుక్‌కు సొమ్మున్నచో ఆ పద్ధతి పుట్టియుండెడిదో లేదో!

రెండవ యుదాహరణము ది క్యూర్ అను మేళము. వీరు లండను నగరమునకు దక్షిణముననున్న క్రాలీ యను పట్టణమువారు. నాయకుడు రాబర్ట్ స్మిత్. అతని తొలి గిటారు వూల్వర్త్స్ అను చౌకసరకుల దుకాణమున అమ్మెడి టాప్ ట్వెంటీ అను రకము. 1979 లో తొలి పెద్దరికార్డు చేయునప్పుడు అతనికి ఫెండర్ వారి జాజ్‌మాస్టర్ అను పేరొందిన గిటారు లభించినది. అంతట పాతదానిని పాఱవేయవలసినది గదా! అతడట్లు చేయలేదు. చౌకగిటారులోని పికప్‌ను ఊడదీయించి, మేలుగిటారులో మూడవ పికప్‌గా తగిలించుకొనెను. తన చెవికి నచ్చిన ధ్వని ఆ చౌకసరకులోనే యున్నదని అతనికి తెలియును.

ఇదే మేళము 1981 లో ప్రైమరీ అను పాటను వెలువరించినది. అందు రాబర్ట్ స్మిత్, సైమన్ గాలప్ ఇరువురును బేస్ గిటారులనే వాయించిరి. ఒకరి బేస్ నేలను పట్టి నడచును. రెండవదానిని కాలిమీటలగుండ పంపి పై రాగముగా వాడిరి. అదే సంవత్సరమున వెలువడిన ఫెయిత్ అను పెద్దరికార్డునందు స్మిత్ మఱియొక వాద్యమును చేపట్టెను. దానికి బేస్ సిక్స్ అని పేరు. ఫెండర్ వారు 1961 లో చేసినది. దానికి గిటారుకువలె ఆఱు తంత్రులు. కాని అన్నియు ఒక స్థాయి క్రింద పలుకును. అది పూర్తిగా గిటారు గాదు, పూర్తిగా బేస్ గాదు. మంద్రగంభీరమైన గొంతుతో నొక వృద్ధుడు నెమ్మదిగా పాడినట్లుండును. చీకటిపాటకు అంతకంటె తగిన వాద్యము నా కెఱుకలో లేదు.

మఱియొక చిన్న సంగతి. మన వైణికులవలె బేస్ వాదకులలో ననేకులు వ్రేళ్లతోనే మీటుదురు. హుక్, గాలప్ మున్నగువారు చిన్న బిళ్లను పట్టి మీటుదురు. బిళ్ల తగిలినపుడు ప్రతిస్వరమునకును మొదట "టక్కు" మని యొక గట్టి అంచు వచ్చును. అందుచేతనే ఆ మంద్రనాదము బురదవలె కలిసిపోక, గడియారపు ముల్లువలె విడివిడిగా వినబడును.

ఇక వాదకుల పాదములవద్ద నుండు చిన్న పెట్టెలను గూర్చి చెప్పెదను. గిటారునుండి వచ్చు తీగ ఆంప్లిఫయరును చేరకమునుపు ఈ పెట్టెలగుండ పోవును. చేతులు వాద్యముపై నుండుటచే కాలితో నొక్కుదురు. కావుననే వీనిని పెడళ్లందురు. పెక్కు పెడళ్లున్నను గోథిక్ మేళములకు మూడు ముఖ్యము: ప్రతిధ్వని పెట్టె, కోరస్ పెట్టె, ఫ్లాంజర్ పెట్టె. చిత్రమేమన, మూడింటి మూలసూత్రము ఒకటే. వచ్చిన నాదమును కొంచెమాపి, ఆలస్యముగా తిరిగి వినిపించుటయే ఆ సూత్రము.

నాదమును ఆపుట యెట్లు? మొదట అయస్కాంతపు టేపుపై నాదమును వ్రాసి, కొంచెము దూరమున మఱల చదివెడివారు. 1969 లో ఫిలిప్స్ సంస్థ పరిశోధనాలయమునందు సాంగ్‌స్టర్, టీర్ అను నిరువురు వేఱొక యుపాయమును కనుగొనిరి. మన యూరిలో తాటాకుటిల్లు అంటుకొన్నప్పుడు చెఱువునుండి యింటివరకు జనులు వరుసగా నిలిచి, కడవను చేతినుండి చేతికి అందింతురు గదా! అట్లే ఒక చిన్న బిళ్లలో వందలకొలది విద్యుత్పాత్రలు వరుసగా నుండును. నాదపు కొలత ఒక పాత్రనుండి మఱియొక పాత్రకు అందించబడుచు, చివరకు చేరుసరికి కొంత ఆలస్యమగును. ఇంగ్లీషువారు దీనికి పెట్టిన పేరునకు గూడ "కడవలందించు వరుస" యనియే యర్థము. 1970 తరువాతి దశాబ్దమున వచ్చిన చిన్న పెడళ్లు పెక్కు ఈ బిళ్లతోనే పని చేసినవి. తరువాతివి అంకెలలోనికి మార్చి నాదమును దాచుకొను రకములు.

ఆలస్యము ఎక్కువైనచో ప్రతిధ్వని. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. 17 మీటర్ల దూరమునందలి గోడకు తగిలి తిరిగి వచ్చుటకు సెకనులో పదవవంతు పట్టును. పెట్టెలో ఆ పదవవంతు ఆలస్యమును పెట్టినచో, చిన్నగదిలో వాయించుచున్నను వినువానికి అంతదూరమున గోడ కలదన్న భ్రాంతి కలుగును. పెట్టెను త్రిప్పినకొలది గోడ దూరమగును. ఇదియే చిన్నగదిలో పెద్దగుడిని కట్టు విద్య.

ఆలస్యము చాల తక్కువయై, అదియు కొంచెము ఊగుచుండినచో కోరస్. భజనలో పదిమంది ఒకే చరణమును పాడునపుడు ఎవరును సరిగా ఒకే క్షణమున, ఒకే శ్రుతిలో పలుకరు; ఆ వెంట్రుకవాసి భేదమువలననే భజనకు నిండుదనము వచ్చును. కోరస్ పెట్టె ఒక్క తీగకు అట్టి తోడును కల్పించును. జపాను దేశపు రోలండ్ సంస్థవారు 1975 లో జాజ్ కోరస్ అను ఆంప్లిఫయరును తెచ్చిరి. దానిలో 12 అంగుళముల స్పీకరులు రెండు, ఒక్కొక్కదానికి 60 వాట్ల శక్తి. కోరస్ నడచునపుడు ఒక స్పీకరు నుండి అసలు నాదము, మఱియొకదానినుండి ఊగెడు నాదము వెడలి, రెండును పెట్టెలోగాక గాలిలో కలియును. పాత ఆంప్లిఫయరులలోని గాజు వాల్వులకు బదులు దానిలో ట్రాన్సిస్టరులుండుటచే, బిగ్గఱగా మ్రోగినను దాని నాదము వేడెక్కి గరగరలాడదు. చన్నీటివలె తేటగా నుండును. రాబర్ట్ స్మిత్ దానిని విరివిగా వాడెను. పొగలేని చలి ఆ పెట్టెలోనిది.

ఆలస్యము ఇంకను తగ్గి, తిరిగి తనలోనికే వచ్చి చేరుచుండినచో ఫ్లాంజర్. ఆకాశమున విమానము పోవునపుడు దాని మ్రోత పైకి క్రిందికి జాఱుచున్నట్లు వినబడును గదా, అట్టి ధ్వని గిటారుకు వచ్చును. మొదట దీనిని రెండు టేపుయంత్రములను జతగా నడపి, ఒకదాని చక్రపు అంచును వ్రేలితో నొక్కి పుట్టించిరి. ఆ అంచునకు గల ఇంగ్లీషు పేరే యీ పెట్టెకు వచ్చినది. సూక్సీ అండ్ ది బాన్‌షీస్ అను మేళమున గిటారు వాయించిన జాన్ మెగ్యాక్, ఎమ్.ఎక్స్.ఆర్. వారి ఫ్లాంజర్‌ను యమహా గిటారుకు జోడించి, 1981 నాటి జుజు అను రికార్డులో చూపిన పనితనమును నేటి వాదకులును శ్రద్ధతో విందురు.

ఇవన్నియు గలసి పనిచేయుటను ఒక్కపాటలో వినవలెనన్న, బౌహౌస్ అను మేళమువారి మొదటి రికార్డును వినవలెను. వీరు నార్తాంప్టన్ పట్టణమువారు. 1978 లో మేళము కట్టిరి. 1979 జనవరి 26వ తేదీన వెల్లింగ్‌బరో అను ఊరిలోని చిన్న స్టూడియోలో ఈ పాటను పాడిరి. డ్రాకులా వేషముచే పేరొంది 1956 లో మరణించిన బేలా లుగోసి అను నటుని గూర్చినది ఆ పాట. తొమ్మిది నిమిషములకు మించి నడచును. మొదట డ్రమ్మువాని కఱ్ఱల టకటక, దానికి ప్రతిధ్వని. అటుపిమ్మట డేవిడ్ జే బేస్ మెట్లు దిగుచు వచ్చును. తరువాత డానియల్ ఆష్ గిటారు. అది పాడదు, తలుపు కీచుమన్నట్లు, గాలి వీచినట్లు అప్పుడప్పుడు తాకిపోవును. పీటర్ మర్ఫీ గొంతు చాలసేపటికి గాని వినరాదు. స్వరములు మిక్కిలి తక్కువ, నడుమ ఖాళీ మిక్కిలి ఎక్కువ. గోథిక్ రాక్ ఈ పాటతో మొదలైనదని పలువురందురు. గంటలకొలది సాధనచేసిన గమకములు దీనిలో లేవు. కాని ఏది వాయింపకూడదో వారు బాగుగ తెలిసికొనిరి.

ఇక డ్రమ్ము మాట. లీడ్స్ పట్టణమున 1980 లో సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అను మేళము పుట్టినది. దాని నాయకుడు ఆండ్రూ ఎల్‌డ్రిచ్ తొలిరికార్డునందు తానే డ్రమ్ము వాయించెను. పిదప ఆ పనిని యంత్రమున కప్పగించెను. అది బాస్ వారి డీ.ఆర్. 55 అను చేతిపెట్టె. దానిలో నాలుగే ధ్వనులు: పెద్దడ్రమ్ము, చిన్నడ్రమ్ము, అంచుదెబ్బ, తాళము. మేళమువారు ఆ పెట్టెకు డాక్టర్ అవలాంచ్ అని మనుష్యునకువలె పేరు పెట్టిరి. రికార్డుల అట్టలపై మేళములోని వాదకుడనియే వ్రాసిరి. తరువాత రోలండ్ వారి 606, 808 యంత్రములు, ఓబర్‌హైమ్ వారి డీ.ఎమ్.ఎక్స్. యంత్రము వచ్చినవి, పెట్టెలు మాఱినను డాక్టరుగారి పేరు మాఱలేదు. మృదంగవిద్వాంసుడు గాయకుని ముఖము చూచి నడకను సవరించుకొనును. యంత్రము ఎవరి ముఖమును చూడదు. అలయదు, తొందరపడదు, కనికరింపదు. ఆ కనికరము లేమియే యీ సంగీతమునకు పనికివచ్చినది. పైన మానవకంఠము విలపించుచుండగా, క్రింద కాలమువలె అది నడచుచునే యుండును.

పెద్దలారా, ఇంతవఱకు చెప్పినదానిలో మీరొక సంగతిని గమనించియుందురు. స్పీకరు చౌకది యగుటచే బేస్ పైమెట్లకెక్కినది. చౌకగిటారు పికప్ మేలుగిటారులో చోటు సంపాదించినది. మంచి డ్రమ్మువాడు లేకుండుటచే నాలుగు ధ్వనుల పెట్టె విద్వాంసుడైనది. వీరు కలవారు గారు, పెద్ద శిక్షణ పొందినవారును గారు. ఉన్న పనిముట్టు ఏమి చేయగలదో చెవియొగ్గి వినిరి. లోపమును దాచక దానినే రూపముగా దిద్దిరి. నా గర్వమునకు తగిలిన దెబ్బ యిదియే. మా మనుమడు తిరుగవేసిన ఆ నాలుగు స్వరములలో సంగీతము లేదంటిని. వాడు ఆ నాలుగింటి నడుమ నున్న ఖాళీని సరిచేసికొనుచుండెనని నాకు తెలియదు.

విద్యుత్తు చేరినంతమాత్రమున సంగీతము చెడునన్న భయమునకు మన తెలుగునేలయే బదులు చెప్పినది. పాలకొల్లులో 1969 లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ 1978 లో, తొమ్మిదేండ్ల ప్రాయమున, గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవములందు మాండొలిన్‌పై కచేరి చేసెను. మాండొలిన్ పాశ్చాత్యవాద్యము, దాని నాదము మీటినవెంటనే అణగిపోవును గనుక గమకమునకు చాలదని పెద్దలు శంకించిరి. అతడు నాలుగు జతల తీగలకు బదులు ఐదు ఒంటితీగలను పెట్టి, విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టెను. నాదము నిలిచినది, గమకము పలికినది. ఆయన 2014 లో స్వర్గస్థుడైనను ఆ వాద్యము కర్ణాటక సంగీతసభలో నిలిచియున్నది. నార్తాంప్టన్‌లో బౌహౌస్ మేళము కట్టబడినదియు ఆ 1978 లోనే. ఇరువురి మార్గములును వేఱు. కాని పికప్ పికప్పే, అయస్కాంతము అయస్కాంతమే. దానిని భక్తికి వాడవచ్చును, దుఃఖమునకు వాడవచ్చును.

మీ యింట ఏ పిల్లవాడైనను, పిల్లయైనను ఈ వాద్యములను కోరినచో మూడు మాటలు జ్ఞప్తియందుంచుకొనుడు.

మొదటిది ధనము. ఒక వాద్యము, ఒక చిన్న ఆంప్లిఫయరు, వలసినచో ఒక పెడల్, ఆరంభమునకు ఇవి చాలును. పదిపెట్టెలు కొన్నవానికి పదింటిని త్రిప్పుటయే సరిపోవును, వాయించుటకు తీఱికయుండదు.

రెండవది విద్యుత్తు. 1972 మే నెలలో, వేల్స్ నందలి స్వాన్సీ పట్టణమున, లెస్లీ హార్వీ అను గిటారు వాదకుడు వేదికపై, ఎర్తు సరిగా లేని మైకును ముట్టి, విద్యుద్ఘాతముచే మరణించెను. గిటారు తంత్రులు ఆంప్లిఫయరుతో కలిసియుండును; మైకు వేఱొక పెట్టెతో కలిసియుండును. ఇంటికి సరియైన ఎర్తు లేనిచో రెంటిని తాకినవాని దేహమే త్రోవయగును. వాద్యము కొనకముందు ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తును చూపించుడు. మూడుకాళ్ల ప్లగ్గుకు ఒక కాలు విఱిచి వాడనీయకుడు.

మూడవది చెవి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్కను బట్టి 80 డెసిబెళ్ల మ్రోతను వారమునకు 40 గంటలవఱకు వినవచ్చును. 90 డెసిబెళ్లయినచో నాలుగు గంటలకు మించరాదు. చెవిలోని సున్నితమైన కణములు ఒకసారి నశించిన మఱల మొలవవు. "తగ్గింపుము" అని మనము చెప్పవలసినది ఈ కారణముచేతనే కాని, ఆ పాట మనకు నచ్చకపోవుటచే గాదు. కారణము చెప్పినచో పిల్లలు విందురు. నేను కారణము చెప్పక గడప చూపితిని.

నల్లదుస్తులను గూర్చి ఒక్కమాట. దుఃఖమును పాడుటచే దుఃఖము పెరుగునని మనము వెఱతుము. మన పల్లెలలో చావింట ఆడువారు పదము కట్టి యేడ్చుట మీరెఱుగుదురు. దానివలన గుండె తేలికయగునే కాని బరువెక్కదు. అయినను పిల్లవాడు పాటకు వెలుపల గూడ మాటలాడుట మానినచో, తిండి నిద్ర తప్పినచో, నల్లచొక్కాను నిందింపక దగ్గఱ కూర్చుండి కష్టమేమని యడుగుడు. వలసినచో వైద్యునికి చూపుడు. ఇయాన్ కర్టిస్ మూర్ఛరోగముతోను మనోవ్యధతోను బాధపడినవాడు. అతని పాటలు విన్నవారు చాలమంది. అతని కష్టము సమయమునకు తెలిసినవారు కొద్దిమంది.

మా మనుమడు తిరిగి వచ్చెనా యని మీరడుగుదురేమో. మొన్నటి సంక్రాంతికి వచ్చెను. నల్లచొక్కాయే తొడిగికొని వచ్చెను. వాద్యమును మాత్రము తేలేదు. తెమ్మని నేను వ్రాయలేదు, వాడు తనంత తేలేదు. గడప దాటింపుమన్నవాడను నేను గనుక, దాటి రమ్మని పిలువవలసినవాడనును నేనే. ఈసారి వ్రాసితిని. వసారాలో ప్లగ్గు పెట్టించి, ఎర్తు గూడ వేయించితిని.

సెలవు.